హన్మకొండ హోటళ్ళు: రుచి, రకం, పూచీ

(సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇటువంటి సభల్లో చదువుల గురించి, స్కాలర్‌షిప్పుల గురించి, వక్ఫు ఆస్తుల గురించి, పెండ్లిళ్ళలో దుబారా గురించి మాట్లాడటం ఆనవాయితీ. అవన్నీ మాట్లాడవలసినవే. అయితే నన్ను మాట్లాడమన్నప్పుడు నేను హోటళ్ళ గురించి చెబుతానన్నాను. కార్యదర్శిగారు నవ్వి, "సంక్షేమ సంఘంలో హోటళ్ళ ముచ్చటేమిటి సాబ్, భోజనం ఎట్లాగూ చివర పెడుతున్నాం కదా" అన్నారు. భోజనానికి ముందే ఈ ముచ్చట చెప్పటం మంచిది. ఎందుకంటే మన బిరాదరీలో ఎందరో యువకులు ఈనాడు బతుకుతున్నది ఆ హోటళ్ళ వంటగదుల్లోనే. మన ఇళ్ళల్లోని రుచులు రోడ్డుమీదికి వచ్చి వ్యాపారమైనాయి. ఆ వ్యాపారంలో మన చెయ్యి ఉంది. కాని మన మాట, మన పేరు, మన పూచీ ఎంతవరకు ఉన్నాయన్నదే నేను మీ ముందు పెట్టదలచిన ప్రశ్న.

ముందు ఊరి సంగతి. వరంగల్, హన్మకొండ, కాజీపేట పేరుకు మూడు ఊళ్ళు, బతుకుకు ఒకటే ఊరు. కోట, మండీబజారు, ధాన్యం మిర్చి పత్తి వ్యాపారం వరంగల్ వైపు. రైలు జంక్షను, దర్గా షరీఫ్ కాజీపేట వైపు. ఆఫీసులు, కాలేజీలు, బంగళాలు హన్మకొండ వైపు. నిజాం ప్రభుత్వంలో వరంగల్ ఒక సుబా. సుబేదారు కొలువున్న ప్రాంతం కనుక దానికి సుబేదారి అన్న పేరు నిలిచింది. 1959లో కాజీపేట దగ్గర రీజినల్ ఇంజనీరింగ్ కాలేజీ వచ్చింది. అదే 2002లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ అయింది. 1959లోనే కాకతీయ మెడికల్ కాలేజీ, 1976లో కాకతీయ విశ్వవిద్యాలయం వచ్చాయి. వాటి వెంట ప్రొఫెసర్లు, డాక్టర్లు, ప్రైవేటు ఆస్పత్రులు, కోచింగ్ సెంటర్లు, హాస్టళ్ళు. నక్కలగుట్ట, సుబేదారి, బాలసముద్రం, కిషన్‌పుర, నయీంనగర్, హంటర్ రోడ్డు ఇట్లా కలిగినవాళ్ళ పేటలైనాయి. 2021లో జిల్లా పేరే హనుమకొండ జిల్లా అయింది.

కలిగినవాళ్ళ పేట ఎక్కడుంటే హోటలు అక్కడికి పోతుంది. ఒకప్పుడు బయట తినటమంటే అవసరానికి తినటం. కాజీపేటలో బండి మారే ప్రయాణికుడు, కోర్టు పనిమీద వచ్చిన పల్లెటూరి మనిషి, మార్కెట్టుకు మిర్చి బస్తాలు తెచ్చిన రైతు, వీళ్ళు హోటల్లో తినేవాళ్ళు. ఇంట్లో వంట ఉన్నవాడు హోటల్లో తింటే నలుగురూ అదోరకంగా చూసేవాళ్ళు. ఈనాడు అది తిరగబడింది. ఇంట్లో వంట ఉన్నవాళ్ళే ఆదివారం సాయంత్రం పిల్లాజెల్లాతో కారెక్కి హోటలుకు పోతున్నారు. హన్మకొండ మెయిన్ రోడ్డుమీది అశోకా, కాజీపేట రోడ్డుమీద పర్యాటక శాఖవారి హరిత కాకతీయ అందరికీ తెలిసిన గుర్తులు. వాటి చుట్టూ, వాటి దారుల పొడుగునా ఇప్పుడు ఎన్ని బోర్డులు వెలిశాయో మీరు రోజూ చూస్తూనే ఉన్నారు. బిర్యానీ, మండి, షవర్మా, కబాబు, చైనీసు, పిజ్జా, రాగిసంగటి, నాటుకోడి, ఇరానీ చాయ్... ఒక్క నక్కలగుట్ట రోడ్డు నడిచిపోతే సగం ప్రపంచం కనబడుతుంది.

ఇక్కడ ఒక చిన్న తమాషా చెబుతాను. మన మండీబజారు పేరులోని మండి అంటే సరుకులు అమ్మే బజారు. హోటల్ బోర్డుమీద రాసే మండి అరబ్బీ మాట. గుంటలాంటి తందూరులో మాంసాన్ని నిదానంగా మగ్గబెట్టి, దాని రసం కారి కింది బియ్యానికి పట్టేటట్టు వండే యెమెన్ దేశపు వంట అది. తడి, తేమ అనే అర్థమున్న ధాతువునుంచి ఆ పేరు వచ్చిందంటారు. యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చి నిజాం సైన్యంలో చేరిన అరబ్బుల కుటుంబాలు హైదరాబాదులో బార్కస్‌లో స్థిరపడ్డాయి. సైనికుల బ్యారక్సే వాడుకలో బార్కస్ అయింది. ఆ బార్కస్ వంట ఈనాడు హన్మకొండ చేరింది. నలుగురు ఒకే పళ్ళెం చుట్టూ కూర్చుని తినే అలవాటు మన దస్తర్‌ఖాన్‌కు కొత్తదేమీ కాదు. కాని జైలు కటకటాల మాదిరి గదులు కట్టి, సర్వర్లకు ఖైదీల బట్టలు తొడిగి, అందులో ఆ పళ్ళెం పెట్టటం మాత్రం కొత్తదే! డబ్బిచ్చి జైలుకు పోయే కాలం వచ్చిందని మా మిత్రుడొకరు అంటుంటారు.

ఇక రకాల సంగతి చూద్దాం. బోర్డులు పెరిగినంతగా వంటలు పెరిగాయా? మెనూ కార్డు తీస్తే పేర్లు వంద దాటుతాయి. కాని వంటగదిలోకి పోయి చూసినవారికి రహస్యం తెలుసు. పొద్దున్నే రెండు మూడు పెద్ద గిన్నెల్లో గ్రేవీలు తయారు చేసి పెడతారు. ఉల్లిగడ్డ, టమాటాలతో ఎర్రది, జీడిపప్పుతో తెల్లది, ఉల్లిగడ్డ వేయించి చేసిన గోధుమరంగుది. సాయంత్రం ఆర్డరు రాగానే ఎర్రదాంట్లో ఒక గరిటె, తెల్లదాంట్లో ఒక గరిటె కలిపి, చికెన్ వేస్తే ఒక పేరు, పన్నీర్ వేస్తే ఒక పేరు, కాస్త క్రీము పోస్తే మరొక పేరు. ఇది మోసమని నేననను. పది నిమిషాల్లో పళ్ళెం ముందుకు రావాలంటే అట్లా చేయక తప్పదు. అయితే దానిని వైవిధ్యం అని మనం మురిసిపోవటం మాత్రం అమాయకత్వం.

బిర్యానీ కూడా అంతే. పచ్చిమాంసానికి మసాలా, పెరుగు పట్టించి నానబెట్టి, దానిమీద సగం ఉడికిన బియ్యం పరిచి, మూతకు పిండి మెత్తి దమ్ చేసేది కచ్చీ బిర్యానీ. నిప్పు ఏమాత్రం ఎక్కువైనా అడుగు మాడుతుంది, తక్కువైతే మాంసం ఉడకదు. మూత తీసి చూసేందుకు వీల్లేదు. చెవితో, ముక్కుతో, అనుభవంతో తెలుసుకోవాలి. అటువంటి మాస్టర్లు మన వరంగల్‌లో ఉన్నారు. మరి ఎన్నో చోట్ల జరిగేదేమిటి? తెల్లన్నం ఒకచోట, వేయించిన కోడిముక్కలు ఒకచోట, మసాలా ఒకచోట ఉంచి, ఆర్డరు వచ్చినప్పుడు కలిపి, పైన రంగు చల్లి బిర్యానీ అంటున్నారు. తినేవాడికి తేడా తెలియదు కాబట్టి వండేవాడికి కష్టపడవలసిన అవసరం కనబడదు.

మరి హన్మకొండ హోటళ్ళల్లో దొరకనివి ఏమిటో లెక్క వేయండి. బగారా బైంగన్ ఎక్కడ దొరుకుతుంది? ఖట్టీ దాల్, తలావా గోష్త్ ఎన్నిచోట్ల పెడుతున్నారు? సొరకాయ వేసి చేసిన దాల్చా, టమాటే కా కట్, లుఖ్మీ, షికంపూర్ కబాబ్ ఏ మెనూలో ఉన్నాయి? అంబాడా గోష్త్ అంటే గోంగూర మాంసం. చుగర్ గోష్త్ అంటే చింతచిగురు మాంసం. ఆ చుగర్ అన్న మాట తెలుగు చిగురే. అట్లాగే తెలంగాణ పల్లెల్లో ఏ మతంవాళ్ళ ఇంట్లో దావతు జరిగినా బగారా అన్నం లేకుండా విస్తరి లేవదు. ఆ బగారా మన ఉర్దూలో తాలింపు వేయటం. వాళ్ళ చిగురు మన గిన్నెలోకి వచ్చింది, మన బగారా వాళ్ళ విస్తట్లోకి పోయింది. ఇది తరతరాల ఇచ్చిపుచ్చుకోవటం. ఇట్లాంటి వంటలు ఇరాన్‌లో దొరకవు, అరబ్బు దేశంలో దొరకవు, ఇక్కడే పుట్టినవి. వాటిని మన అమ్మలు, నానమ్మలు ఇంకా వండుతున్నారు. బోర్డులమీద మాత్రం లేవు. ఇది నష్టం కాదా?

పేరు నిలబెట్టుకోవటమెట్లాగో హలీం మనకు నేర్పుతుంది. హైదరాబాదు హలీంకు 2010లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మనదేశంలో ఒక మాంసాహార పదార్థానికి ఆ గుర్తింపు రావటం అదే మొదటిసారి. దాన్ని తెచ్చుకున్నది హలీం తయారుచేసేవాళ్ళ సంఘం. ఊరికే రాలేదు. మేకమాంసమే వాడాలి, మాంసం పది పాళ్ళకు గోధుమ నాలుగు పాళ్ళుండాలి, నెయ్యి స్వచ్ఛమైనదని పరీక్షలో తేలాలి, కట్టెల పొయ్యిమీద పన్నెండు గంటలు ఉడకాలి అని తమకు తామే నియమాలు పెట్టుకున్నారు. 2019లో యునెస్కో హైదరాబాదును వంటల విషయంలో సృజనాత్మక నగరాల జాబితాలో చేర్చింది. 2025లో మన వరంగల్ చపాటా మిరపకు కూడా భౌగోళిక గుర్తింపు దక్కింది. ఎర్రటి రంగు, తక్కువ కారం ఉన్న మిరప అది. బిర్యానీకి, కబాబుకు సహజమైన రంగు కావాలంటే మన చేలల్లోనే ఉంది. అట్లాంటి మిరప పండే జిల్లాలో కూరకు డబ్బారంగు ఎందుకో నాకర్థం కాదు.

ఈ రంగు మాట వచ్చింది కాబట్టి నాణ్యత సంగతికి వస్తాను. హోటలు మంచిదా చెడ్డదా అని మనం ముందరి తలుపు దగ్గర తేల్చేస్తున్నాం. అద్దాలు, ఏసీ, మెత్తటి సోఫాలు, గోడమీద బొమ్మలు చూసి బాగుందంటున్నాం. నిజానికి నాణ్యత తేలేది వెనుక తలుపు దగ్గర. ఆ వెనుక తలుపు దగ్గర చూడవలసినవి నాలుగు చెబుతాను. చదువుకున్న అబ్బాయిలు ఇవి ఇంట్లో కూడా చెప్పండి.

మొదటిది అన్నం. వేడిగా ఉంచే పదార్థం 60 డిగ్రీలకు పైన ఉండాలి, చల్లగా ఉంచేది 5 డిగ్రీలకు లోపల ఉండాలి. ఆ రెంటికీ మధ్య గోరువెచ్చగా గంటలకొద్దీ ఉంచిన అన్నం ప్రమాదం. అన్నంలో ఉండే ఒకరకం సూక్ష్మజీవి ఉడికించినా పూర్తిగా చావదు. విత్తనంలాగా నిద్రపోయి ఉంటుంది. గోరువెచ్చదనం దొరకగానే పెరిగి విషాన్ని తయారుచేస్తుంది. ఆ విషం మళ్ళీ వేడిచేసినా పోదు. మధ్యాహ్నం మిగిలిన బిర్యానీని రాత్రి దాకా అట్లాగే పెట్టి, మళ్ళీ సెగ చూపించి వడ్డించటం అందుకే తప్పు.

రెండవది నూనె. కాగిన నూనెను మళ్ళీ మళ్ళీ కాచినకొద్దీ అందులో హానికరమైన పదార్థాలు పెరుగుతాయి. అవి నూటికి 25 పాళ్ళు దాటితే ఆ నూనె వాడరాదని 2018 జూలై నుంచి నిబంధన ఉంది. నూనె నల్లబడి, చిక్కబడి, నురగ కట్టి, పొగ తొందరగా వస్తే అది పారవేయవలసిన నూనె. అట్లా తీసేసిన నూనెను బయోడీజిల్‌కు కొనేవాళ్ళు కూడా ఉన్నారు. కాని దానిని మరో చిన్న బండివాడికి చవకగా అమ్మితే పాపం ఇద్దరిదీ.

మూడవది రంగు. మిఠాయిల వంటి కొన్ని పదార్థాలకు తప్ప కృత్రిమ రంగు వాడటానికి చట్టం ఒప్పుకోదు. బిర్యానీ, కబాబు ఆ కొన్నింటిలో లేవు. తిన్న తరువాత వేళ్ళకు సబ్బుతో కడిగినా పోని ఎరుపు అంటుకుందంటే అది మసాలా కాదని తెలుసుకోండి. కర్ణాటక ప్రభుత్వం 2024లో కబాబుల్లో, గోబీ మంచూరియాలో కృత్రిమ రంగులను నిషేధించింది.

నాలుగవది షవర్మా, మయొనైజ్. మన పిల్లలు దీనిమీద పడి ఉన్నారు కాబట్టి చెబుతున్నాను. షవర్మా కడ్డీకి పైపొర కాలుతుంది, లోపలిది పచ్చిగా ఉంటుంది. జనం ఎక్కువ వచ్చినప్పుడు కాలేదాకా ఆగకుండా కోసి పెడతారు. 2022 మేలో కేరళలోని కాసరగోడ్ జిల్లాలో షవర్మా తిని ఒక విద్యార్థిని చనిపోయింది, మరెందరో ఆస్పత్రిపాలైనారు. పచ్చి కోడిగుడ్డుతో చేసే మయొనైజ్‌ను కేరళ 2023లో నిషేధించింది. మన తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరు 30 నుంచి ఒక సంవత్సరంపాటు నిషేధించింది. నిషేధం గడువు తీరవచ్చు. పచ్చిగుడ్డులోని ప్రమాదానికి గడువు లేదు.

ఇక్కడ పెద్దలు క్షమించాలి, ఒక మాట గట్టిగానే అంటాను. మన హోటళ్ళమీద హలాల్ అని రాస్తాం. ఆ మాట చూసి మనవాళ్ళు నిశ్చింతగా లోపలికి పోతారు. కాని హలాల్ అన్నది జబహ్ దగ్గరే అయిపోయిందా? మన ధర్మం హలాల్‌తోపాటు తయ్యిబ్ అన్న మాట కూడా చెబుతుంది. తయ్యిబ్ అంటే పవిత్రమైనది, శుభ్రమైనది, మనిషికి మేలు చేసేది. జబహ్ సక్రమంగా చేసిన మాంసాన్ని మోరీ పక్కన కడిగి, మూడురోజుల నూనెలో వేయించి, డబ్బారంగు పూసి పెట్టి, హలాల్ అని బోర్డు తగిలిస్తే సగం బాధ్యతే నెరవేరింది. కొలతలో తగ్గించటం ఎంత పాపమో మనకు చిన్ననాడే నేర్పారు. నాణ్యతలో తగ్గించటం కూడా కొలతలో తగ్గించటమే. మన హోటలుకు వచ్చేది మనవాళ్ళు మాత్రమే కాదు. కాజీపేట దర్గాకు అన్ని మతాలవాళ్ళు ఎట్లా వస్తారో, బిర్యానీ కోసం మన హోటలుకూ అట్లాగే వస్తారు. వాళ్ళు ఏమీ అడగకుండా మన చేతి వంట తింటున్నారంటే అది నమ్మకం. దానికి మన భాషలో అమానత్ అని పేరు. ఏ మాంసమో అదే పేరుతో అమ్మటం, పాడైనది పెట్టకపోవటం ఆ అమానత్‌ను నిలబెట్టుకోవటం.

ఇప్పుడు వంటగదిలో ఉన్న మనిషి సంగతి. వరంగల్‌లోని మండీబజారు, శంభునిపేట, రంగశాయిపేట వంటి పేటల నుంచి మన పిల్లలు ఎందరో హన్మకొండ హోటళ్ళకు పనికి పోతున్నారు. బిర్యానీ మాస్టర్లు, కబాబు కాల్చేవాళ్ళు, చాయ్ మాస్టర్లు, గిన్నెలు తోమేవాళ్ళు, పార్సిళ్ళు కట్టేవాళ్ళు. వాళ్ళ పక్కనే బీహారు, బెంగాలు, ఒడిషాల నుంచి వచ్చిన పిల్లలు. పొద్దున పది పదకొండింటికి పొయ్యి దగ్గర నిలబడితే రాత్రి పన్నెండు దాటాక ఇంటికి. నమాజు వేళ కాదు, పిల్లలు మేలుకుని ఉండే వేళ కాదు.

నాకు తెలిసిన మాస్టరొకాయన ఉన్నాడు. పేరు చెప్పను. ఇరవై ఏళ్ళకు పైగా పొయ్యి దగ్గర ఉన్న మనిషి. ఆయన దమ్ చేసిన బిర్యానీ కోసమే జనం ఆ హోటలుకు వచ్చేవాళ్ళు. ఒకరోజు వేడి ఎసరు చేతిమీద పడింది. మోచేతి దాకా కాలింది. మందుల ఖర్చు తనే పెట్టుకున్నాడు. రెండునెలలకు చేయి నయమై పోయేసరికి పనిలో ఇంకొకడున్నాడు. "ఏమైంది భాయ్, ఇన్నేళ్ళు చేసినవు కదా, ఏదన్నా కాగితం ఉందా?" అని అడిగాను. "కాగితమెక్కడిది సాబ్, నా పేరు మెనూకార్డు మీద ఉందా, గోడమీద ఉందా? నా చెయ్యే నా సర్టిఫికెట్టు. అది కాలింది" అన్నాడు.

ఆ మాట మన సొసైటీ వినవలసిన మాట. పదిమంది లేక అంతకు మించి పనిచేసే చోట ఇ.ఎస్.ఐ. వర్తిస్తుంది. ఇరవైమంది లేక అంతకు మించి ఉంటే ప్రావిడెంట్ ఫండు వర్తిస్తుంది. ఇవి దయాదాక్షిణ్యాలు కావు, చట్టాలు. ఆ మాస్టరుకు ఇ.ఎస్.ఐ. కార్డు ఉండి ఉంటే వైద్యం ఉచితంగా జరిగేది, పనిలేని రోజులకు కొంత సొమ్ము వచ్చేది. చిన్న పిల్లల సంగతి కూడా చెప్పాలి. హోటళ్ళల్లో, దాబాల్లో పధ్నాలుగేళ్ళలోపు పిల్లలను పనికి పెట్టటం 2006 అక్టోబరు 10 నుంచి నేరం. 2016లో ఆ చట్టాన్ని ఇంకా గట్టిపరిచారు. అయినా ఎక్కడైనా టేబుల్ తుడిచే పిల్లవాడు కనబడితే "పాపం, ఇంట్లో గడవదేమో" అని పది రూపాయలు చేతిలో పెట్టి వస్తున్నాం. పది రూపాయలు సహాయం కాదు. వాడిని బడికి పంపటం సహాయం.

ఇక్కడే నాణ్యతకు, మనిషికి ఉన్న సంబంధం తెలుస్తుంది. పధ్నాలుగు గంటలు నిలబడి అలసిపోయినవాడు, జ్వరం వచ్చినా జీతం కోతకు భయపడి పనికి వచ్చినవాడు, కాలిన చేతికి గుడ్డ చుట్టుకుని పిండి కలిపేవాడు శుభ్రంగా ఎట్లా వండగలడు? వంటవాడిని గౌరవంగా చూసుకోని హోటల్లో పళ్ళెం శుభ్రంగా ఉంటుందని అనుకోవటం భ్రమ. రెండూ ఒకటే సమస్య.

అట్లాగని యజమానులనందరినీ నేను నిందించటంలేదు. వాళ్ళల్లో మనవాళ్ళున్నారు, మంచివాళ్ళున్నారు. నక్కలగుట్టలో కిరాయి, కరెంటు బిల్లు, ఫోన్లో ఆర్డర్లు తెచ్చే కంపెనీలకు ఇచ్చే కమీషను, పెరిగిన మాంసం ధర, ఇవన్నీ వాళ్ళ నెత్తిమీద ఉన్నాయి. తినే మనం కూడా ఏం చేస్తున్నాం? ఏసీకి డబ్బిస్తాం, సోఫాకు డబ్బిస్తాం. మాంసం మంచిదైనందుకు ఇరవై రూపాయలు ఎక్కువంటే పక్క హోటలుకు పోతాం. మంచి సరుకుకు ధర ఇవ్వనివాడికి మంచి సరుకు రాదు. పైగా నలుగురికి సరిపోయేది ఆరుగురికి తెప్పించి, సగం పళ్ళెంలో వదిలి ఫోటో తీసుకుని లేస్తున్నాం. వృథా ఎంత నింద్యమో మన ఇంట్లో పిల్లలకు చెప్పే మనమే హోటల్లో మరచిపోతున్నాం.

కాబట్టి సోదరులారా, ఊరికే విమర్శించి కూర్చోవటం నా ఉద్దేశం కాదు. మన సొసైటీ చేయగలిగిన పనులు కొన్ని మనవి చేసుకుంటాను.

ఒకటి, వంటవాళ్ళ చిట్టా రాయాలి. మన పేటల్లో హోటలు పనిచేసేవాళ్ళెందరు, ఎన్నేళ్ళ అనుభవం, ఏ వంటలో ఆరితేరినవాళ్ళు, ఇ.ఎస్.ఐ. ఉందా లేదా, ఇవన్నీ ఒక రిజిస్టరులో రాయాలి. లెక్కలో లేనివాడి తరఫున ఎవరూ మాట్లాడలేరు.

రెండు, కాగితం ఇప్పించాలి. బడికి పోకుండా పనిలోనే నేర్చుకున్న విద్యకు కూడా పరీక్ష పెట్టి సర్టిఫికెట్టు ఇచ్చే ఏర్పాటు కేంద్రప్రభుత్వ నైపుణ్య పథకాల్లో ఉంది. ఆహార భద్రత సంస్థవారి శిక్షణ కూడా ఉంది. ఆహారం ముట్టుకునే ప్రతి ఇరవై అయిదుమందికి ఒక శిక్షణ పొందిన సూపర్‌వైజరు ఉండాలని వాళ్ళ ఉద్దేశం. ఆ సూపర్‌వైజరు మన పిల్లవాడెందుకు కాకూడదు? పదో తరగతి పాసై ఖాళీగా ఉన్న అబ్బాయిని ఆ శిక్షణకు పంపితే గిన్నెలు తోమే పనిలో కాకుండా చిన్న ఉద్యోగంలో చేరుతాడు.

మూడు, మన చిన్న దుకాణాలవాళ్ళకు రిజిస్ట్రేషను చేయించాలి. 2006 ఆహార భద్రత చట్టం కింద చాయ్ బండి నుంచి పెద్ద హోటలు దాకా అందరూ నమోదు కావాలి. చిన్నవాళ్ళకు రిజిస్ట్రేషను, పెద్దవాళ్ళకు లైసెన్సు. పధ్నాలుగు అంకెల నంబరు ఇస్తారు. 2022 జనవరి నుంచి బిల్లుమీద కూడా ఆ నంబరు వేయాలి. మన కబాబు బండివాడు చదువురాక, ఆఫీసుకు పోవటానికి జంకి ఆ పని చేయించుకోడు. చివరకు తనిఖీ వచ్చినప్పుడు మొదట దెబ్బతినేది అతడే. రంజాన్‌కు రెండు నెలల ముందు సొసైటీ ఆఫీసులో ఒక కంప్యూటరు, ఇద్దరు చదువుకున్న పిల్లలు కూర్చుంటే ఈ పని జరిగిపోతుంది. తినేవాళ్ళకు కూడా చెబుతున్నాను, హోటల్లో కూర్చున్నప్పుడు ఆ నంబరు ఎక్కడుందో చూడండి. అడగటం తప్పు కాదు.

నాలుగు, మన ఆడవాళ్ళ చేతివంటకు దారి చూపాలి. నేను ఇందాక చెప్పిన బగారా బైంగన్, ఖట్టీ దాల్, దాల్చా, చుగర్ గోష్త్ ఇవన్నీ వాళ్ళ దగ్గర ఉన్నాయి. నలుగురు అక్కచెల్లెళ్ళు కలిసి ఒక చిన్న వంటగది పెట్టి, రిజిస్ట్రేషను చేయించుకుని, హన్మకొండలో ఒంటరిగా ఉన్న ఉద్యోగులకు, పెద్దవాళ్ళకు, హాస్టలు పిల్లలకు రోజుకు ఒకపూట భోజనం పంపినా చాలు. ఆ పేటల్లో మండికి కొదవలేదు. ఇంటిభోజనానికి కొదవ ఉంది. పెట్టుబడికి మన సొసైటీ బైతుల్‌మాల్ నుంచి వడ్డీలేని రుణం ఇవ్వవచ్చునేమో పెద్దలు ఆలోచించాలి.

అయిదు, మన సభల్లో, మన వలీమాల్లో మనమే మొదలుపెట్టాలి. క్యాటరింగు మాట్లాడుకునేటప్పుడు ఎన్నిరకాలు పెడతావని అడుగుతున్నాం. ఇకనుంచి ఎంతమందిని పనికి పెడతావు, కూలి ఎంతిస్తావు, నూనె ఏమిటి, రంగు వేస్తావా, మిగిలిన అన్నం ఎవరికి చేరుస్తావు అని అడుగుదాం. ఐదు రకాల స్వీట్లు పెట్టకపోయినా ఎవరి పరువూ పోదు. వండినవాడిని ఒకసారి పిలిచి, పేరడిగి, అందరిముందు శుక్రియా చెప్పండి.

ఈ ఊరికి కలిమి వచ్చింది. దానితో హోటళ్ళు వచ్చాయి. అది మంచిదే, పనులు దొరికాయి. అయితే కలిమి ఉన్న పేటలో మనం కేవలం చెమటోడ్చే చేతులుగా ఉండిపోవటమా, లేక రుచికి, శుభ్రతకు, నిజాయితీకి పూచీపడే మనుషులుగా నిలబడటమా అన్నది మనమే తేల్చుకోవాలి. హలీం తయారుచేసేవాళ్ళు తమ నియమాలు తామే రాసుకున్నట్టు, హన్మకొండలో మన వంటవాళ్ళు కూడా పది నియమాలు రాసుకుని, వాటికి కట్టుబడి, ఆ కాగితాన్ని వంటగది గోడకు తగిలించిననాడు ఎవరి సర్టిఫికెట్టూ అక్కరలేకుండానే జనం వస్తారు. ఆ పది నియమాల్లో మొదటిది వంటవాడి ఆరోగ్యం గురించి ఉండాలని నా కోరిక.

నా మాటల్లో ఎవరి మనసుకైనా నొప్పి కలిగితే మన్నించండి. ఆ రిజిస్టరు పని మొదలుపెట్టేందుకు ముందుకొచ్చే యువకులు సభ ముగియగానే కార్యదర్శిగారి దగ్గర పేరు ఇవ్వండి. నా పేరు మొదట రాయమని చెప్పాను. ఇప్పుడు భోజనానికి పిలుస్తారు. వడ్డించే పిల్లలు పొద్దుటినుంచి నిలబడి ఉన్నారు, వాళ్ళు కూడా మనతోపాటే కూర్చుని తినేటట్టు చూడండి.

 అల్లాహ్ మన సంపాదనలో, మన దస్తర్‌ఖాన్‌లో బర్కత్ ఇవ్వాలని దుఆ చేస్తూ సెలవు తీసుకుంటున్నాను.

వస్సలాం.